109 గేట్ల అవతల పుట్టిల్లు

చేపను చేత్తో ముట్టుకోకూడదు. పడవ ఎక్కేముందు చెప్పిన మొదటి మాట అదే.

రాత్రి రెండో జాము. ఫరక్కా బ్యారేజికి దిగువన, గంగ మీద ఒక చెక్క పడవ. పెద్ద వయసు జాలరి ఒకాయన వల తీస్తున్నాడు. టార్చి వెలుగులో వెండి రేకులా ఏదో తళుక్కుమంది. పక్కన మోకాళ్ళ మీద కూర్చున్న కుర్రాడు ఊపిరి బిగబట్టాడు. కలకత్తా పక్కన బారక్‌పూర్‌లో ఉన్న కేంద్ర అంతర్దేశీయ మత్స్య పరిశోధనా సంస్థ నుంచి వచ్చాడతను. అందరూ సిఫ్రి అని పిలిచే సంస్థ అది.

"నెమ్మదిగా కాకా, పొలుసు ఊడితే పోతుంది."

"చంపడానికైతే ఎలా లాగినా ఒకటే సార్. బతికించడానికి లాగడం ఈ వయసులో నేర్చుకుంటున్నా."

వలను నీళ్ళలోనే ఉంచి, చిక్కుకున్న చోట దారం కత్తిరించారు. గిన్నెతో నీళ్ళతో సహా చేపను ఎత్తి గుండ్రటి తొట్టెలో వదిలారు. తొట్టెకు మూలలుంటే ముక్కు కొట్టుకుని చస్తుంది. గాలి గొట్టం బుడబుడమంటోంది. చేప ఒక పక్కకు ఒరిగింది. పడవలో ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి తోక ఆడింది. నిలదొక్కుకుని, తొట్టె గోడ వెంబడే చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. అప్పుడు దాని వీపు రెక్క మొదట్లో సూదితో ఒక సన్నటి ప్లాస్టిక్ చీటీ గుచ్చారు. దాని మీద ఒక నంబరు.

కలకత్తాలో దాన్ని ఇలిష్ అంటారు. సముద్రంలో ఉన్నంతకాలం విలస, గోదావరి ఎక్కితే పులస అని మనం అంటాం. నీళ్ళలోంచి తీసిన క్షణంలోనే ప్రాణం వదిలే చేప ఇది. జీవితమంతా ఇలిష్ తిన్న కలకత్తా ఇల్లాలు కూడా బతికున్న ఇలిష్‌ను చూసి ఎరగదు. అలాంటిదాన్ని ప్రాణంతో పట్టి, తొట్టెలో పెట్టి, బ్యారేజి దాటించి, ఎగువన వదలడం వాళ్ళ పని. కడుపుతో ఉన్న ఆడపిల్లను పురిటికి పుట్టింటికి తీసుకెళ్ళినట్టు. దారికి అడ్డంగా గోడ కట్టింది మనమే కాబట్టి మోసుకెళ్ళాల్సింది కూడా మనమే.

(పడవలో వాళ్ళ మాటలు నేను కూర్చినవి. పడవ, తొట్టె, చీటీ, చేప మాత్రం నిజం.)

ఆ గోడ ఎందుకు కట్టారో తెలియాలంటే అక్కడి నుంచి సుమారు 300 కిలోమీటర్లు దిగువకు, కలకత్తా రేవుకు రావాలి.

కలకత్తా సముద్రం ఒడ్డున లేదు. సాగరం నుంచి 200 కిలోమీటర్ల దూరం హుగ్లీ నదిలో ఎగువకు వస్తేగాని ఓడకు ఆ రేవు దొరకదు. ఆ దారంతా ఇసుక మేటలే. దామోదర్, రూప్‌నారాయణ్ నదులు హుగ్లీలో కలిసే చోట ఉన్న మేటకు జేమ్స్ అండ్ మేరీ అని పేరు. 1694లో అక్కడ మునిగిన ఓడ పేరు అది. మునిగిన ఓడ పేరే మేటకు పెట్టారంటే ఆ మేట మీద నావికులకు ఎంత భయమో ఊహించుకోవచ్చు. ప్రతి ఓడనూ దారి తెలిసిన పైలట్ ఒకరు ఎక్కి నడిపించాల్సిందే. నిన్న లోతున్న చోట ఇవాళ ఉండదు.

రోగం పాతదే. గంగ ప్రధాన ప్రవాహం కొన్ని శతాబ్దాల కిందటే తూర్పుకు తిరిగి పద్మ అయింది. భాగీరథి అనే పాత పాయ, అంటే కింద హుగ్లీగా మారే పాయ, వానాకాలంలో మాత్రమే నిండేది. మాఘం దాటితే మొగ దగ్గర ఇసుక తేలి గంగతో తెగిపోయేది. పైనుంచి మంచినీరు రాదు. కింది నుంచి పోటు మాత్రం రోజుకు రెండుసార్లు వస్తుంది. పోటు బురదను మోసుకొస్తుంది, తిరిగి లాక్కుపోయే బలం పాటుకు ఉండదు. మేట పెరగడానికి ఇంతకంటే ఏం కావాలి? 1950లు వచ్చేసరికి డ్రెడ్జర్లు తవ్వేది తవ్వుతున్నా నది పూడేది పూడుతూనే ఉంది. నగరానికి తాగునీరు తీసే పల్తా దగ్గర నీళ్ళు ఎండాకాలం ఉప్పగా మారడం మొదలయ్యాయి.

మందు ఏమిటన్నది నూరేళ్ళుగా నలుగుతున్న మాట. గంగకు అడ్డంగా ఆనకట్ట కట్టి నీటిని భాగీరథిలోకి మళ్ళించాలని 1850లలోనే సూచించినవారు ఎవరో తెలుసా? ధవళేశ్వరం కట్టిన సర్ ఆర్థర్ కాటన్. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహం ఉన్న ఆ కాటన్ దొరే. 1957లో జర్మనీ నుంచి వచ్చిన వాల్టర్ హెన్సెన్ అనే నిపుణుడు కూడా చూసి అదే చెప్పారు: ఫరక్కా దగ్గర బ్యారేజి కట్టండి, భాగీరథిలోకి నీళ్ళు వదలండి, మేట కొట్టుకుపోతుంది.

ఒక్క ఇంజనీరు మాత్రం ఒప్పుకోలేదు.

కపిల్ భట్టాచార్య బెంగాల్ నదులను పుస్తకాల్లో కాదు, కాళ్ళతో చదివిన మనిషి. 1904లో పుట్టారు. ఆయన వాదన వినడానికి తేలిక, జవాబు చెప్పడానికి కష్టం. హుగ్లీ దిగువ భాగాన్ని ఏటా కడిగేది గంగ నీరు కాదు, దామోదర్, రూప్‌నారాయణ్ వరదలు. ఆ దామోదర్, దాని ఉపనదుల మీద దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ తిలైయా, కోనార్, మైథాన్, పంచేట్ డ్యాములు వరసగా కట్టింది. నాలుగూ 1953 నుంచి 1959 మధ్యలో లేచాయి. వరద ఆగింది, బర్ద్వాన్ ఊళ్ళు సంతోషించాయి, కడిగే చెయ్యి మాత్రం పోయింది. మేట పెరిగిన అసలు కారణం ఇక్కడ ఉండగా, గంగ మీద గోడ కడితే ఏమవుతుంది? ఎండాకాలంలో రేవుకు కావలసిన 40,000 క్యూసెక్కులు ఎప్పుడూ దొరకవు. గోడకు ఎగువన మట్టి పేరుకుంటుంది. గంగ పక్కకు ఒరిగి మాల్దాను, ముర్షిదాబాద్‌ను కోసుకుపోతుంది. అవతల తూర్పు పాకిస్తాన్‌తో తగువు మొదలవుతుంది.

తగువు మాట ఎత్తడమే ఆయన కొంప ముంచింది. శత్రుదేశం తరఫున మాట్లాడుతున్నాడన్నారు. పత్రికలు పాకిస్తాన్ గూఢచారి ముద్ర వేశాయి. చివరకు ఆయన ఉద్యోగం వదిలి బయటికి వచ్చేశారు. నది గురించి లెక్కలు వేసిన మనిషికి లెక్కల్లో తప్పు చూపకుండా దేశభక్తిలో తప్పు చూపారు. ఈ అలవాటు మనకు ఇంకా పోలేదు.

ఆ రోజుల్లో కేంద్రంలో నీటిపారుదల శాఖ చూసినవారు మన కానూరి లక్ష్మణరావు. కంకిపాడులో పుట్టి, నాగార్జునసాగర్‌తో పేరు తెచ్చుకుని, విజయవాడ నుంచి లోక్‌సభకు వెళ్ళిన కె.ఎల్.రావు. 1963 నుంచి పదేళ్ళు ఆ శాఖ ఆయన చేతిలో ఉన్న కాలంలోనే ఫరక్కా లేచింది. ఆలోచన కాటన్‌ది, కట్టే రోజుల్లో మంత్రి కె.ఎల్.రావు. కలకత్తా నది కథలో తెలుగువాళ్ళకు తెలిసిన ముఖాలు ఇన్ని ఉంటాయని నేను అనుకోలేదు.

1961లో పని మొదలైంది. రెండు కిలోమీటర్లకు పైబడిన బ్యారేజి, 109 గేట్లు, పైన రోడ్డూ రైలూ. నీటిని భాగీరథికి చేర్చే 38 కిలోమీటర్ల ఫీడర్ కాలువ. 1975 ఏప్రిల్ 21న నీళ్ళు వదిలారు. కలకత్తా ఊపిరి పీల్చుకుంది.

గంగకు చేప ఉందని అప్పటి ఇంజనీర్లు పూర్తిగా మరిచిపోలేదు, అది చెప్పాలి. చేపలు దాటడానికి బ్యారేజిలో ఫిష్ లాకులు పెట్టారు. పడవల లాకు లాంటిదే: చేప లోపలికి రావాలి, తలుపు మూసుకోవాలి, నీరు నిండాలి, అవతలి తలుపు తెరుచుకోవాలి. కాగితం మీద చక్కగా ఉంది. కానీ పులస లిఫ్టు ఎక్కే చేప కాదు. ప్రవాహానికి ఎదురీదుతుంది, గుంపుగా వస్తుంది, లోతు వెతుక్కుంటుంది. రెండు కిలోమీటర్ల గోడలో ఒక మూల ఉన్న చిన్న తలుపు దానికెలా తెలుస్తుంది?

1975 వానాకాలాన్ని ఊహించండి. ఎర్రనీరు దిగింది. బంగాళాఖాతం నుంచి గుంపులు ఎక్కాయి. కొన్ని పద్మ దారిన, కొన్ని కలకత్తా ఘాట్ల ముందు నుంచి హుగ్లీ దారిన. వెయ్యేళ్ళుగా తెలిసిన దారే. గంగలో కాన్పూర్ దాకా, యమునలో ఆగ్రా దాకా వెళ్ళిన చేప ఇది. బక్సర్‌లో, అలహాబాద్‌లో పులస కోసమే వలలు అల్లిన మల్లాహ్‌లు ఉండేవారు. ఆ ఏడు చేపలు ఫరక్కా చేరి, గేట్ల కింద పొర్లే నురగలో ముక్కు పెట్టి ఆగాయి. గుడ్డు నిండిన పొట్టలతో. ఎగువన బక్సర్ జాలరి వల వేశాడు, తీశాడు. మళ్ళీ వేశాడు. వాన ఆలస్యమైందేమో అనుకుని ఉంటాడు. మరుసటి ఏడాది ఏమనుకున్నాడో తెలియదు. ఎగువన టన్నుల్లో దొరికిన పులస కొన్నేళ్ళలోనే కిలోల్లోకి వచ్చింది.

ఆ మరుసటి ఏడాదే, 1976 మే 16న, బంగ్లాదేశ్‌లో మౌలానా భాషానీ అనే వయోవృద్ధ నాయకుడు గంగ నీళ్ళ కోసం వేలమందితో ఫరక్కా వైపు పాదయాత్ర చేశారు. కపిల్ బాబు చెప్పిన తగువు అదే.

ఆయన చెప్పిన మరో మాట మాల్దాలో నిజమైంది.

పంచానందపూర్ పేరు వినే ఉండరు. ఫరక్కాకు ఎగువన, గంగ ఎడమ ఒడ్డున ఒకప్పుడు పెద్ద సంత, పడవల రేవు. కుడి ఒడ్డున రాజమహల్ కొండ, నల్లరాయి. ఎడమ ఒడ్డున మెత్తటి ఒండ్రు. గోడ దగ్గర ఆగిన నీరు మట్టి దింపుకుని, మధ్యలో లంకలు లేపి, పక్కకు తిరిగింది. రాతిని కొట్టలేదు కదా, మట్టినే కొట్టింది.

ఒడ్డు తెగడం చూసినవాళ్ళు ముందు చెప్పేది చప్పుడు గురించి. కింద నీరు మట్టిని తొలుచుకుపోతుంటే పైన ఏమీ తెలియదు. పెరట్లో జుట్టంత సన్నటి పగులు కనిపిస్తుంది. ఇల్లాలు దాని పక్కన ఒక పుల్ల గుచ్చుతుంది. పొద్దున చూస్తే పుల్లకూ పగులుకూ మధ్య జానెడు తేడా. ఇక లాభం లేదు. మొదట రేకులు దింపుతారు, తర్వాత తలుపులు, తర్వాత ఇటుకలు. ఇల్లు కట్టిన వరసకు తిరగేసి విప్పుతారు. మామిడిచెట్టును మాత్రం విప్పలేరు. మాల్దాలో మామిడి అంటే కోనసీమలో కొబ్బరి లాంటిది. రాత్రి ఫిరంగి పేలినట్టు ఒక చప్పుడు, కాయలతో సహా చెట్టు నిలువునా నీళ్ళలోకి దిగిపోతుంది. కె.బి.ఝౌబోనా అనే పంచాయతీ మొత్తంగా గంగలో కలిసింది. ఇళ్ళు పోయినవాళ్ళలో కొందరు నదికి అవతల తేలిన లంకల మీదికి చేరి, మేం బెంగాల్ వాళ్ళమా, జార్ఖండ్ వాళ్ళమా అని ఏళ్ళ తరబడి కాగితాలు పట్టుకుని తిరిగారు.

ప్రభుత్వం ఏం చేసిందంటే రాళ్ళు పోసింది. వైరు వలల్లో బండలు కట్టి ఒడ్డున పేర్చింది, నదిలోకి అడ్డుకట్టలు తోసింది. ఆ బండలను గంగ ఎన్నిసార్లు మింగిందో లెక్క లేదు. నిలిచిన చోట కూడా ఒక చిక్కుంది. ఒడ్డున గడ్డి, వేళ్ళు, నీడ, నెమ్మదిగా తిరిగే నీరు ఉంటేనే చేపపిల్ల బతుకుతుంది. సిమెంటు, రాయి పరిచిన ఒడ్డు చేపపిల్లకు ఎడారి. ఒడ్డును కాపాడామనుకుంటాం, ఒడ్డును నమ్ముకున్నదాన్ని తరిమేస్తాం.

భాగీరథి దిగువన నదియా జిల్లాలో వేరే మందు వేశారు. ఉపాధి హామీ కూలీలతో ఒడ్డున గడ్డి నాటించారు. వెటివర్ అని ప్రపంచమంతా పిలిచే గడ్డి. మన వట్టివేరే. వేసవిలో తడికెలు కట్టి, కుండనీళ్ళలో వేసుకుని, వాసన తప్ప దాని బలం పట్టించుకోని వట్టివేరు. మూడు మీటర్ల లోతుకు నిట్టనిలువుగా వేరు దింపి మట్టిని పట్టుకుంటుంది. నీటి అంచున దాని నీడ చేపపిల్లకు పనికొస్తుంది. పంచానందపూర్ దగ్గరి గంగను గడ్డి ఆపుతుందని ఎవరూ అనరు. చిన్న పాయలకు, మెల్లటి ఒడ్డులకు మాత్రం రాయి కంటే ఇదే నయం.

ఇంతకీ రేవు బాగుపడిందా? న్యాయంగా చెప్పాలంటే సగం. నీళ్ళు వచ్చాక కలకత్తా తాగునీటిలో ఉప్పు తగ్గింది. భాగీరథి ఏడాది పొడుగునా పారే నది అయింది. అది చిన్న విషయం కాదు, కోటిమంది గొంతు తడిపిన విషయం. పెద్ద ఓడల సంగతి వేరు. అవి సముద్రానికి దగ్గరగా 1977లో తెరిచిన హల్దియా డాక్‌కు పోయాయి. హుగ్లీలో డ్రెడ్జర్లు ఇవాళ్టికీ తిరుగుతున్నాయి. 1996 డిసెంబరు 12న దేవెగౌడ, షేక్ హసీనా 30 ఏళ్ళ గంగా జలాల ఒప్పందం మీద సంతకాలు చేశాక, మార్చి, ఏప్రిల్ నెలల్లో 40,000 క్యూసెక్కులు అన్న అంకె కాగితం మీద కూడా నిలవలేదు. కపిల్ భట్టాచార్య ఆ ఒప్పందం చూడకుండానే 1989లో కన్నుమూశారు. ఆయన చెప్పినవన్నీ జరిగాయనను, పల్తా నీళ్ళ విషయంలో బ్యారేజి పనిచేసింది. కానీ ఆయన్ను గూఢచారి అన్నవాళ్ళెవరూ మాల్దా వెళ్ళి పుల్ల గుచ్చి చూడలేదు.

ఇక కలకత్తా బజారు. మానిక్‌తలా మార్కెట్‌లో చేపలవాడు కత్తిపీట ముందు కూర్చుంటాడు. అచ్చం మన అమ్మమ్మల కత్తిపీటే, దాన్ని బొటి అంటారు. ముందున్న గుట్టలో రోజూ తినే రుయి, కాత్లా చాలావరకు మన కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి మంచుపెట్టెల్లో లారీ ఎక్కి వచ్చినవే. ఇలిష్‌ను మాత్రం అలా చెరువులో పెంచి లారీ ఎక్కించడం ఇంతవరకు కుదరలేదు. పద్మ ఇలిష్ కావాలంటే ఢాకా దయతలచాలి. 2012లో బంగ్లాదేశ్ ఎగుమతి ఆపేసింది, దసరా పూజలకు మాత్రం కొన్నేళ్ళుగా ప్రత్యేక అనుమతి ఇస్తోంది. ఈస్ట్ బెంగాల్ జట్టు మోహన్ బగాన్ మీద గెలిస్తే ఇలిష్ ధర పెరిగే ఊరది. అలాంటి ఊరిలో చేప కోసం ప్రభుత్వాలు కదలకుండా ఎలా ఉంటాయి?

కదిలాయి, ఆలస్యంగా. 2013లో పశ్చిమ బెంగాల్ మూడు చోట్ల ఇలిష్ రక్షిత ప్రాంతాలు ప్రకటించింది: డైమండ్ హార్బర్ దగ్గర ఒకటి, కట్వా నుంచి హుగ్లీ ఘాట్ దాకా ఒకటి, లాల్‌బాగ్ నుంచి ఫరక్కా దాకా ఒకటి. గుడ్లు పెట్టే రోజుల్లో అక్కడ వల వేయకూడదు. కేంద్రం నమామి గంగే పథకం డబ్బుతో సిఫ్రి వాళ్ళు ఫరక్కాలో మకాం వేసి, తొట్టెల్లో పులసలను బ్యారేజి దాటిస్తున్నారు. 2019 ఫిబ్రవరిలో కేంద్రం మరో మాట ప్రకటించింది. ఫరక్కాలో ఓడల కోసం కట్టే కొత్త లాకు గేట్లను రోజూ రాత్రి 1 గంట నుంచి 5 గంటల దాకా పులస కోసం తెరిచి ఉంచేలా డిజైన్ చేశారట. చేపకు ఎంత లోతు కావాలో, ఏ వేళకు కదులుతుందో ఈసారి ముందుగా అడిగారు. 1961లో అడిగి ఉంటే ఖర్చు గేటుతో పోయేది.

పడవ సంగతి చెప్పలేదు కదా. బ్యారేజి దాటాక, తెల్లవారకముందే, తొట్టెను ఒడ్డున నీళ్ళలోకి వంచారు. చేప వెంటనే పోలేదు. తొట్టె అంచు దగ్గరే కాసేపు నిలబడింది, దారి మరిచిపోయినట్టు. తర్వాత నీరు వచ్చే వైపు తల తిప్పింది.

"పోయింది సార్."

"రాసుకుంటా కాకా, నంబరు నువ్వే చెప్పు."

జాలరికి చదువు లేదు. అంకెలు మాత్రం వచ్చు. చెప్పాడు.

అలా వదిలినవి ఇప్పటికి వేలల్లో ఉన్నాయి. చీటీతో ఉన్నవి కొన్ని ఎగువన వలల్లో దొరికాయి. చీటీ తెచ్చిచ్చిన జాలరికి బహుమతి ఇస్తారు.

మీరు వానాకాలంలో కలకత్తా వెళ్తే, మార్కెట్‌లో అరచేతి పొడుగు చేపను చూపించి "ఖోకా ఇలిష్, చౌక" అంటారు. ఖోకా అంటే పసివాడు. బెంగాల్‌లో 23 సెంటీమీటర్ల లోపు ఇలిష్‌ను పట్టడం, అమ్మడం నిషేధం. కొనకండి. అంతర్వేదిలోనో, యానాంలోనో పులస పేరుతో అలాంటిదే చూపించినా కొనకండి.